పాఠం 14: కసాలే విల్లా – రోమన్ల పల్లె భవనం, దాని మొజాయిక్ నేలలు

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– రోమన్ల కాలంలో 'విల్లా' అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
– కసాలే విల్లా కట్టడంలోని ముఖ్యమైన భాగాలను గుర్తించగలుగుతారు.
– మొజాయిక్ నేలను ఎలా తయారుచేసేవారో వివరించగలుగుతారు.
– ఒక భవనం నేలను చరిత్రకు ఆధారంగా ఎలా ఉపయోగించుకోవచ్చో తెలుసుకుంటారు.

14.2 ప్రస్తావన

మన ఊళ్లలో చాలా ఇళ్లలో మొజాయిక్ గచ్చు మీరు చూసే ఉంటారు. సిమెంటులో రంగురాళ్ల చిప్స్ కలిపి, పరచి, ఆరిన తరువాత యంత్రంతో నున్నగా అరగదీస్తారు. అందులో రాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. బొమ్మ ఉండదు.

రోమన్ల మొజాయిక్ అలాంటిది కాదు. వారు రాతిని చిన్న చిన్న ఘనాలుగా కోసి, ఒక్కొక్క ముక్కను చేత్తో పేర్చి, మనుషులను, జంతువులను, సముద్రాన్ని, ఓడలను నేల మీద చిత్రించారు. అలాంటి నేలలు ఒకే ఇంట్లో దాదాపు 3,500 చదరపు మీటర్ల మేర ఉన్న చోటు ఒకటి ఉంది. మన లెక్కలో అది సుమారు 86 సెంట్ల స్థలం. అంత నేలను గోరంత ముక్కలతో నింపారు.

ఆ భవనం ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపం నడిబొడ్డున, పియాజ్జా అర్మెరీనా అనే పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని పేరు కసాలే విల్లా. క్రీ.శ. 4వ శతాబ్దం తొలి భాగంలో దీన్ని కట్టారు. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఈ ఇల్లు ఎవరిది? ఇంత వైభవంగా కట్టుకున్నవాడి పేరు గోడ మీద గాని, నేల మీద గాని స్పష్టంగా ఎక్కడా రాసి లేదు. అయినా ఆ ఇంట్లో రెండు పేర్లు మాత్రం మిగిలాయి. అవి ఎవరివో ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.3 విల్లా అంటే ఏమిటి?

ఈ రోజుల్లో విల్లా అంటే నగర శివార్లలో కట్టే ఖరీదైన ఇల్లు అనుకుంటాం. రోమన్లకు విల్లా అంటే పల్లెలోని భూస్వామి భవనం. దాని చుట్టూ పొలాలు ఉంటాయి. ఆ పొలాల ఆదాయమే భవనానికి ఆధారం. యజమానికి నగరంలో మరో ఇల్లు ఉండేది. పల్లెకు వచ్చినప్పుడు విశ్రాంతి తీసుకోవడానికి, వేటాడడానికి, అతిథులకు విందు చేయడానికి, రైతులతో, అధికారులతో వ్యవహారాలు నడపడానికి విల్లా ఉపయోగపడేది.

సిసిలీ రోమన్లు సంపాదించిన మొదటి పరాయి రాష్ట్రం. క్రీ.పూ. 241లో కార్తేజ్‌తో జరిగిన మొదటి యుద్ధం ముగిశాక ఇది వారి వశమయింది. ఇక్కడ గోధుమ బాగా పండేది. అందువల్ల రోమ్ నగరానికి ఇది ధాన్యాగారంగా పేరుపొందింది. తరువాత ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా ధాన్యం కూడా రోమ్‌కు రావడంతో సిసిలీ ప్రాధాన్యం కొంత తగ్గింది.

క్రీ.శ. 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్ అనే కొత్త రాజధానిని ప్రారంభించాడు. ఈజిప్టు గోధుమ ఆ కొత్త నగరానికి మళ్లింది. రోమ్ మళ్లీ సిసిలీ మీద, ఉత్తర ఆఫ్రికా మీద ఎక్కువగా ఆధారపడింది. 4వ శతాబ్దంలో సిసిలీలో సంపన్నమైన విల్లాలు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు. పత్తి, తెల్లారో అనే చోట్ల కూడా ఇలాంటి విల్లాలు బయటపడ్డాయి.

కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. ఈ నేల మీది బొమ్మల వెనుక గోధుమ పొలాలు ఉన్నాయి. ఆ పొలాల్లో పనిచేసినవారు ఉన్నారు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. రోమన్ల విల్లాకు ఆదాయం ఎక్కడి నుంచి వచ్చేది?
2. క్రీ.శ. 330 తరువాత సిసిలీ ప్రాధాన్యం ఎందుకు పెరిగింది?

14.4 భవన నిర్మాణం

కసాలే విల్లాను కొండవాలులో మెట్లు మెట్లుగా చదును చేసిన నేల మీద కట్టారు. అందువల్ల అన్ని భాగాలు ఒకే ఎత్తులో లేవు. కట్టడాన్ని నాలుగు భాగాలుగా చూస్తే తేలికగా అర్థమవుతుంది.

(అ) ప్రవేశద్వారం, స్నానశాలలు: మూడు కమానుల పెద్ద ద్వారం గుండా లోపలికి వస్తే స్తంభాలతో కూడిన ఒక ముంగిలి ఉంటుంది. దాని పక్కనే స్నానశాలలు ఉన్నాయి. వాటిలో చన్నీటి గది, గోరువెచ్చని గది, వేడి గదులు వరుసగా ఉంటాయి. చన్నీటి గది ఎనిమిది పలకల ఆకారంలో ఉంది. దాని నేల మీద చేపలు పట్టే బాలురు, సముద్ర దేవతలు కనిపిస్తారు.

వేడి గదుల నేలను చిన్న ఇటుక స్తంభాల మీద నిలబెట్టారు. గది వెలుపల పొయ్యిలో కట్టెలు మండిస్తే వేడిగాలి నేల కింది ఖాళీలోకి పోయి, గోడలలో అమర్చిన మట్టి గొట్టాల గుండా పైకి వెళ్లేది. నేల, గోడలు రెండూ వేడెక్కేవి. ఈ ఏర్పాటును హైపోకాస్ట్ అంటారు. స్నానం చేసేవారికి పొగ గాని, మంట గాని కనిపించదు. పొయ్యి దగ్గర నిలబడి కట్టెలు వేసేవారు కూడా కనిపించరు.

(ఆ) నడిమి ముంగిలి: కోస్తా ఆంధ్రలోని పాతకాలపు మండువా లోగిలిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ వసారా, వసారా మీదుగా గదులు. రోమన్ల ఇళ్లలోని నడిమి ముంగిలి కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో ఉండేది. కాని కసాలేలో అది చాలా పెద్దది. నాలుగు వైపులా రాతి స్తంభాల వరుసలు, మధ్యలో తోట, నీటి బుగ్గ ఉన్నాయి. వసారా నేల మీద ఆకుల దండలు, ఒక్కొక్క దండ నడుమ ఒక జంతువు తల కనిపిస్తాయి. అంచులలో జడ అల్లికలాంటి నమూనా ఉంటుంది.

(ఇ) సభామందిరం: ముంగిలికి తూర్పున, కొన్ని మెట్లు ఎక్కితే 60 మీటర్లకు పైగా పొడవున్న వసారా వస్తుంది. దాన్ని దాటితే బాసిలికా అనే పెద్ద సభామందిరం ఉంది. దాని చివర అర్ధవృత్తాకారపు గూడు ఉంది. యజమాని అక్కడ ఉండి వచ్చినవారిని కలుసుకునేవాడు. ఈ మందిరం నేల మొజాయిక్ కాదు. దానికి రంగురంగుల పాలరాతి పలకలను ఆకారాలుగా కోసి పరచారు. మొజాయిక్ కంటే ఇది ఎక్కువ ఖర్చుతో కూడిన పని. ఇంట్లో అన్నిటికంటే గౌరవమైన గది ఏదో నేలను చూసే చెప్పవచ్చు. సభామందిరానికి రెండు వైపులా యజమాని కుటుంబం నివసించే గదులు ఉన్నాయి.

(ఈ) భోజనశాల: దక్షిణ దిక్కున అండాకారంలో మరో ముంగిలి ఉంది. దాని చివర మూడు వైపులా మూడు అర్ధవృత్తాకారపు గూళ్లు గల భోజనశాల ఉంది. అతిథులు ఆ గూళ్లలో పాన్పుల మీద ఒరిగి భోజనం చేసేవారు. మధ్య నేల మీద హెర్క్యులిస్ అనే వీరుడి సాహసాలు ఉన్నాయి. అయితే ఇక్కడ వీరుడి పోరాటం కనిపించదు. అతని చేతిలో ఓడిపోయి నేలకూలిన సింహం వంటి ప్రాణులు మాత్రమే కనిపిస్తాయి.

ఈ అమరికను ఒకసారి ఆలోచించండి. వచ్చినవాడు ద్వారం దాటాలి, ముంగిలి దాటాలి, మెట్లు ఎక్కాలి, పొడవైన వసారా దాటాలి. అప్పుడు గాని యజమాని కనిపించడు. దూరం, ఎత్తు, అలంకారం ఈ మూడింటినీ వాడి యజమాని గొప్పతనాన్ని ముందే తెలియజేశారు. అంటే ఇక్కడ కట్టడమే ఒక ప్రకటన.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. హైపోకాస్ట్ పనిచేసే విధానాన్ని మూడు వాక్యాల్లో రాయండి.
2. సభామందిరం నేలకూ ఇతర గదుల నేలకూ తేడా ఏమిటి?

14.5 మొజాయిక్ నేలను ఎలా తయారుచేసేవారు?

క్రీ.పూ. 1వ శతాబ్దంలో జీవించిన విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి తన గ్రంథంలో మంచి నేలను ఎలా వేయాలో వివరించాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇది:

మొదటి పొర: నేలను చదును చేసి దిమ్మిస కొట్టాలి. దాని మీద పిడికిలికి తగ్గని రాళ్లు పరచాలి.

రెండవ పొర: కొత్తగా కొట్టిన కంకర మూడు పాళ్లు, సున్నం ఒక పాలు కలిపి పరచి, గట్టిగా కొట్టాలి.

మూడవ పొర: దంచిన పెంకుల పొడి మూడు పాళ్లు, సున్నం ఒక పాలు కలిపి పూయాలి. మన పాత కట్టడాలలో సున్నంలో ఇటుకపొడి, అంటే సుర్కీ, కలిపేవారు. ఇదీ అలాంటిదే. ఇటుకపొడి, పెంకుపొడి సున్నంతో కలిస్తే తడికి కూడా పాడవని గట్టి గచ్చు తయారవుతుంది.

ఈ పొరల మీద మెత్తని సున్నం పూసి, అది ఆరకముందే రాతి ఘనాలను అద్దుతారు. ఒక్కొక్క ఘనాన్ని టెస్సెరా అంటారు. ఎక్కువ భాగం రంగురాళ్లు, పాలరాయి వాడతారు. రాతిలో దొరకని రంగులకు గాజు ముక్కలు వాడతారు. సున్నం ఆరిపోతే ముక్క అంటుకోదు. కనుక ఒక రోజులో ఎంత మేర పని చేయగలరో అంత మేరకే సున్నం పూయాలి. ముఖాలలో, కళ్ల దగ్గర చిన్న ముక్కలు, వెనుక నేపథ్యానికి పెద్ద ముక్కలు వాడతారు.

కసాలే నేలల పనితనం ఉత్తర ఆఫ్రికాలోని, ముఖ్యంగా కార్తేజ్ ప్రాంతంలోని, మొజాయిక్‌లను చాలా దగ్గరగా పోలి ఉంది. అందుచేత పనివారు అక్కడి నుంచి సముద్రం దాటి వచ్చారని పండితులు భావిస్తున్నారు. వారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

14.6 నేల మీది బొమ్మలు ఏం చెబుతున్నాయి?

(అ) పెద్దవేట: ముంగిలికీ సభామందిరానికీ మధ్య ఉన్న పొడవైన వసారా నేలంతా ఒకే చిత్రం. దాన్ని 'పెద్దవేట' అంటారు. నిజానికి ఇక్కడ ప్రధానమైనది జంతువులను చంపడం కాదు, ప్రాణాలతో పట్టుకోవడం. సింహాలు, చిరుతలు, జింకలు, ఉష్ట్రపక్షులు, ఏనుగు, ఖడ్గమృగం కనిపిస్తాయి. బోను పెట్టెలను ఎడ్లబండ్ల మీద లాగుతున్నారు. జంతువులను ఓడల్లోకి ఎక్కిస్తున్నారు, దించుతున్నారు. వాటి గమ్యం రోమ్ నగరంలోని క్రీడారంగాలు. అక్కడ వేలాది జనం ముందు వాటిని చంపేవారు.

ఈ చిత్రంలో పులి కథ ఒకటుంది. పులిపిల్లను ఎత్తుకుపోయే వేటగాడు వెంటబడిన తల్లిపులి ముందు అద్దంలా మెరిసే ఒక గాజుగోళాన్ని పడవేస్తాడు. పులి అందులో తన నీడను చూసి పిల్ల అనుకుని ఆగిపోతుంది. వేటగాడు ఓడ ఎక్కి తప్పించుకుంటాడు. ఈ కథను ఆనాటి రచయితలు కూడా చెప్పారు.

వసారా దక్షిణపు కొసన ఒక స్త్రీమూర్తి ఉంది. ఆమె చేతిలో ఏనుగు దంతం, ఒక పక్క ఏనుగు, మరొక పక్క పులి. ఆమె ఒక దేశానికి ప్రతిరూపం. ఆమె భారతదేశమని కొందరు పండితులు, ఆఫ్రికా లేదా అరేబియా అని మరికొందరు చెప్పారు. పులి ఆఫ్రికాలో లేదు కాబట్టి భారతదేశం అనే వాదానికి బలం ఉంది. కాని ఆ కాలంలో కాస్పియన్ సముద్ర ప్రాంతంలో కూడా పులులు ఉండేవి. కనుక ఒక్క పులిని చూసి తీర్పు చెప్పలేం. శాతవాహనుల కాలంలో మన తీరానికీ రోమన్లకూ వ్యాపారం ఉండేదని మీకు తెలుసు. మన దేశం వారి ఊహల్లో ఏనుగుల, పులుల, దంతపు దేశంగా ఉండేది.

ఈ సరదాకు మూల్యం ఎవరు చెల్లించారో కూడా గమనించాలి. ఉత్తర ఆఫ్రికాలో ఒకప్పుడు ఏనుగులు ఉండేవి. రోమన్ల కాలంలోనే అవి అక్కడ అంతరించాయి. చిత్రంలోనే ఒకచోట పనివాడిని కొట్టడానికి చేయెత్తిన పర్యవేక్షకుడు కనిపిస్తాడు. చిత్రకారుడు దాన్ని దాచలేదు. యజమానికి అది దాచవలసిన విషయంగా తోచలేదు.

(ఆ) చిన్నవేట: మరొక గదిలో స్థానికమైన వేట ఉంది. వేటదేవత డయానాకు పూజ, అడవిపంది వేట, చెట్ల నీడన గుడారం కింద విందు కనిపిస్తాయి. ఇది విల్లా యజమాని రోజువారీ వినోదానికి దగ్గరగా ఉంది.

(ఇ) పది మంది యువతులు: ఒక గదిలో రెండు వరుసలుగా యువతులు వ్యాయామం చేస్తున్నారు. ఒకామె చేతుల్లో బరువులు, ఒకామె చేతిలో డిస్కస్ ఉన్నాయి. కొందరు పరుగెత్తుతున్నారు, కొందరు బంతి ఆడుతున్నారు. గెలిచిన ఆమెకు కిరీటం, తాటి మట్ట లభించాయి. వారి దుస్తులను చూసి నేటివారు 'బికినీ యువతులు' అని పేరు పెట్టారు. అది తప్పుదారి పట్టించే పేరు. బికినీ అనే స్నానపు దుస్తుల పేరు 1946లో వచ్చింది. ఈ యువతులు స్నానం చేయడం లేదు, పోటీల్లో పాల్గొంటున్నారు. ఈ గదిలో ఒక మూల పై నేల కింద అంతకు ముందు వేసిన పాత నేల కనిపిస్తుంది. అంటే ఈ ఇంటిని ఒక్కసారిగా కట్టి వదిలేయలేదు, తరువాత మార్పులు చేశారు.

(ఈ) రథాల పందెం: స్నానశాలల పక్కనున్న పొడవైన గదిలో రోమ్ నగరంలోని సర్కస్ మాక్సిమస్ పందెపు మైదానం ఉంది. నాలుగు రంగుల జట్లు రథాలు తోలుతున్నాయి.

(ఉ) ఇంటి మనుషులు: స్నానశాలకు పోయే ఒక చిన్న గదిలో ఇంటి యజమానురాలు ఇద్దరు పిల్లలతో నిలబడి ఉంది. అటు ఇటు ఇద్దరు పరిచారికలు బట్టలు, పెట్టె పట్టుకుని ఉన్నారు. స్నానశాలలో నూనె రాసి ఒళ్లు పట్టే గదిలో మరో దృశ్యం ఉంది. అక్కడ సేవకులలో ఇద్దరి నడుముకు కట్టిన గుడ్డల మీద అక్షరాలు ఉన్నాయి. ఒకరి గుడ్డ మీద 'టిటే', మరొకరి గుడ్డ మీద 'కస్సి'. ఇవి ఆ సేవకుల పేర్లని సాధారణంగా భావిస్తారు. పాఠం మొదట మనం చెప్పుకున్న రెండు పేర్లు ఇవే.

మీ ప్రగతిని తెలుసుకోండి – 3
1. 'పెద్దవేట'లో పట్టిన జంతువులను ఎక్కడికి పంపేవారు?
2. 'బికినీ యువతులు' అనే పేరు ఎందుకు సరైనది కాదు?

14.7 ఇంటి యజమాని ఎవరు?

ఈ విల్లాను ఎక్కువ భాగం బయటపెట్టినవాడు జీనో వినీచియో జెంటిలి అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు. ఆయన 1950 దశకంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపాడు. అంతకు ముందు 1929లో పావ్లో ఓర్సి కొంత తవ్వాడు. ఇది మాక్సిమియన్ చక్రవర్తి భవనమని జెంటిలి అభిప్రాయపడ్డాడు. మాక్సిమియన్ క్రీ.శ. 305లో సింహాసనం వదులుకున్నాడు. హెర్క్యులిస్ అతని ఇష్టదైవం. భోజనశాలలో హెర్క్యులిస్ కథ ఉంది. ఇంత పెద్ద ఇల్లు చక్రవర్తికి కాక ఎవరికి ఉంటుంది? ఇదీ వాదం.

తరువాత వచ్చిన ఆధారాలు ఈ వాదాన్ని బలహీనపరిచాయి. మట్టిపాత్రల పెంకులను పరిశీలించగా కట్టడం మాక్సిమియన్ కాలానికి తరువాతిదని చాలామంది నిర్ణయించారు. 1970 దశకంలో పత్తి, తెల్లారో విల్లాలు బయటపడ్డాక, వైభవమైన పల్లె భవనాలు చక్రవర్తులకే పరిమితం కావని తెలిసింది. రోమ్‌లో పెద్ద పదవులు పొందిన సంపన్నులు ప్రజలకు తమ ఖర్చుతో క్రీడలు ఏర్పాటు చేయవలసి ఉండేది. పెద్దవేట, రథాల పందెం అలాంటి ఒక సెనేటర్ తన ఔదార్యాన్ని చాటుకోవడానికి వేయించిన బొమ్మలు కావచ్చునని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

ఇందులో మనకొక పాఠం ఉంది. ఆధారం వేరు, ఊహ వేరు. 'హెర్క్యులిస్ బొమ్మ ఉంది' అన్నది ఆధారం. 'కాబట్టి ఇది మాక్సిమియన్ ఇల్లు' అన్నది ఊహ. కొత్త ఆధారం వస్తే ఊహ మారుతుంది. చరిత్ర చదివేటప్పుడు ఈ రెంటినీ కలిపేయకూడదు.

14.8 విల్లా ఎలా మిగిలింది?

రోమన్ సామ్రాజ్యం పోయిన తరువాత కూడా ఇక్కడ మనుషులు నివసించారు. అరబ్బుల కాలంలో, నార్మన్ల కాలంలో శిథిలాల మీద ఊరు ఉండేది. 12వ శతాబ్దంలో ఆ ఊరు పాడుబడింది. పక్కకొండ నుంచి జారిన మట్టి, వరద ఒండ్రు భవనాన్ని కప్పేశాయి. గోడల పైభాగాలు, కప్పులు పోయాయి. నేల మాత్రం మట్టి కింద భద్రంగా ఉంది.

బయటపడిన తరువాతే నేలకు అసలు ప్రమాదం మొదలయింది. ఎండ, వాన, తేమ రాళ్ల పట్టును వదులు చేస్తాయి. 1950 దశకం చివర పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు వేశారు. వెలుతురు బాగా వచ్చింది గాని లోపల వేడి, తేమ పెరిగాయి. 1991లో వరద వచ్చి బురద నేలలను ముంచింది. ఆ తరువాత పెద్ద ఎత్తున మరమ్మతులు చేసి, కొత్త కప్పు వేసి, 2012లో ఆ పని పూర్తిచేశారు. కాపాడాలని చేసిన పనిని కూడా కాలానుగుణంగా సరిదిద్దుకోవలసి ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

14.9 సారాంశం

కసాలే విల్లా క్రీ.శ. 4వ శతాబ్దపు సిసిలీ భూస్వామి భవనం. గోధుమ ఆదాయం దానికి పునాది. స్నానశాలలు, నడిమి ముంగిలి, సభామందిరం, భోజనశాల దాని ముఖ్య భాగాలు. ఆ అమరిక యజమాని అంతస్తును చాటుతుంది. ఉత్తర ఆఫ్రికా పనివారు వేశారని భావించే మొజాయిక్ నేలలు వేట, క్రీడలు, పురాణకథలు, ఇంటి జీవితం చూపిస్తాయి.

యజమాని తన గొప్పతనం శాశ్వతంగా ఉండాలని ఈ నేలలు వేయించాడు. అతని పేరు గురించి పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఒళ్లు పట్టే గదిలోని సేవకుల పేర్లను మాత్రం ఈనాటికీ ఎవరైనా చదవవచ్చు. ఒక కట్టడాన్ని చూసినప్పుడు 'ఎవరు కట్టించారు?' అని అడగడంతో ఆగకండి. 'ఎవరు కట్టారు? ఎవరు మోశారు? ఎవరు కట్టెలు వేశారు?' అని కూడా అడగండి. చరిత్ర చదవడమంటే అదే.

14.10 చేసి చూడండి

మీ ఊళ్లోని ఒక పాత గుడి, కోట, మసీదు లేదా మండువా ఇంటికి వెళ్లండి. లోపలికి పోయే దారిని కాగితం మీద గీయండి. ఎక్కడ మెట్లు ఉన్నాయి? ఎక్కడ అలంకారం ఎక్కువ? బొమ్మల్లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు? మీరు చూసినదాన్ని ఒక పక్క, మీరు ఊహించినదాన్ని మరో పక్క రాయండి.

14.11 నమూనా ప్రశ్నలు

1. కసాలే విల్లా కట్టడం యజమాని అంతస్తును ఎలా చాటుతుందో వివరించండి.
2. విట్రూవియస్ చెప్పిన నేల పొరలను వరుసగా రాయండి.
3. 'పెద్దవేట' చిత్రం ఆనాటి సమాజం గురించి ఏం తెలుపుతుంది?
4. ఆధారానికీ ఊహకూ గల తేడాను ఈ పాఠంలోని ఉదాహరణతో చెప్పండి.

14.12 మీ ప్రగతిని తెలుసుకోండి – జవాబులు

1.1 చుట్టూ ఉన్న పొలాల నుంచి.
1.2 ఈజిప్టు గోధుమ కాన్‌స్టాంటినోపుల్‌కు మళ్లడం వల్ల రోమ్ సిసిలీ మీద ఎక్కువగా ఆధారపడింది.
2.1 నేలను ఇటుక స్తంభాల మీద నిలుపుతారు. వెలుపలి పొయ్యిలో కట్టెలు మండిస్తే వేడిగాలి నేల కిందికి పోతుంది. అది గోడలలోని గొట్టాల గుండా పైకి పోయి గదిని వేడిచేస్తుంది.
2.2 సభామందిరంలో పాలరాతి పలకలు పరచారు. ఇతర ముఖ్యమైన గదులలో చిన్న రాతి ఘనాలు పేర్చారు.
3.1 రోమ్ నగరంలోని క్రీడారంగాలకు.
3.2 వారు స్నానం చేయడం లేదు, వ్యాయామ పోటీల్లో ఉన్నారు. ఆ పేరు 1946 తరువాతిది.